ఐదు నిమిషాల తాళం

మానవపాడు,
20-1-2025

బామ్మర్ది బాలన్నకు బావ సాయన్న చేయెత్తి ఇచ్చే దీవెన. తిరిగి నువ్వు నాకు మొక్కాల్సిన పనిలేదు. మొక్కడానికి లేపిన చెయ్యి నా గొంతు మీదికి వస్తదని మీ అక్క అన్నది.

నా నంబర్ నీ ఫోనులో బంద్ పెట్టినవట. "నీ గొంతు నేను నమ్మ, చెప్పేదుంటే కాగితం మీద రాసి సంతకం పెట్టు" అన్నవట. సరే, రాస్తున్నా. ఉత్తరంలో మాట సాపు చేసి రాయాలని ఏడో తరగతిలో మా సారు చెప్పాడు. ఆ తరగతి నేను రెండేండ్లు చదివాను కాబట్టి ఆ మాట రెండుసార్లు విన్నాను. అయినా నడుమనడుమ నా నాలుక కాగితం మీదికి దిగుతది. ఓర్చుకో.

ముందు తప్పు ఒప్పుకుంటాను. దసరా అయినంక మీ రేంజర్ సారు గొంతుతో నీకు ఫోను చేసింది నేనే. మీ అడవి క్యాంపు చుట్టూ ఉన్న కొండెంగలను లెక్కపెట్టి, ఒక్కోదాని తోక ఎన్ని జానలుందో రాసుకొని రమ్మన్నదీ నేనే. కానీ నువ్వు రెండు దినాలు చెట్ల కింద మెడ ఎత్తుకొని నిలబడి, ముప్పయ్యొక్క తోకలు రాసి, ఆ కాగితం తీసుకపోయి అసలు సారు చేతిలో పెడతవని నాకేం ఎరుక? సారు దాన్ని ఇప్పటికీ టేబుల్ అద్దం కింద దాచుకున్నాడని విన్నాను. పేరు ఎవరికొచ్చింది చెప్పు.

ఇక్కడి సంగతులు. నీ పెండ్లాం గీత చెల్లె మా ఇంట్లో సుఖంగా ఉంది. తల్లి లేని పిల్ల, పుట్టింటి పురుడు నేనే పోస్తానని మీ అక్క తిమ్మమ్మ పట్టుబట్టి తెచ్చుకుంది గదా, ఇప్పుడు నాకు చాయ అడిగినా దొరకడం లేదు. వచ్చిన పాలన్నీ అటే. గద్వాల దవాఖానలో డాక్టరమ్మ చూసి, ఉగాదికి అటో ఇటో అన్నది.

నీ పెండ్లాం నోట నీ పేరు పలికించాలని నెల నుంచి తంటాలు పడుతున్నాను. పలకదు. పక్కింటి పిల్లకు అంగన్‌వాడీలో బాలామృతం ఇస్తే, దాన్ని గూడ "ఆ పిండి" అంటుంది. మొన్న దవాఖానలో నర్సమ్మ "భర్త పేరేంది" అనడిగితే మీ అక్క దిక్కు చూపెట్టింది. నేను వెనక నుంచి "తోకల సారు అని రాయండి మేడం" అన్నాను. నర్సమ్మ తోక దాకా రాసింది.

సంతకం పెట్టమన్నవ్, పెడుతున్నా. వేలిముద్ర గూడ కావాలంటే మిరపకాయలు తొడిమలు తీసిన చేత్తో పెడతా, కండ్లకద్దుకో.

ఇట్లు,
సాయన్న

*

మన్ననూర్ అడవి, బేస్ క్యాంపు,
30-1-2025, గురువారం

బావకు బాలన్న రాసేది.

అక్క, గీత క్షేమమని తలుస్తాను. నువ్వు తలవకపోయినా క్షేమంగానే ఉంటావు.

డ్రైవర్ బియ్యం దింపేలోపల రాయాలి కాబట్టి సూటిగా రాస్తున్నా. మా క్యాంపు మన్ననూర్ నుంచి పద్నాలుగు కిలోమీటర్లు లోపల. రేషన్ జీపు గురువారం గురువారం వస్తుంది. ఉత్తరాలు తెచ్చేది అదే, తీసుకపోయేది అదే. వైర్‌లెస్ సెట్టు పక్క క్యాంపులో ఉంది, మాకు లేదు. నా పాత ఫోను పలకాలంటే రెండు కిలోమీటర్లు నడిచి రాతిగుండు ఎక్కి, చెయ్యి పైకెత్తి నిలబడాలి. అడవి అంటుకునే మంటల కాలం మొదలైంది, మే దాకా మా కాపలా వాళ్లకు సెలవు దొరకదు. కానీ కాన్పు కబురొస్తే ఆ క్షణమే పొమ్మని సారు మాటిచ్చాడు. కబురు రావాలి గదా.

రెండేండ్ల కింద ఐదో నెలలో గీతకు కడుపు పోయినప్పుడు నాకు తెలిసింది మూడో దినం. బియ్యం బస్తాతోపాటు ఆ కబురు జీపులో వచ్చింది. ఆ మూడు దినాలు ఆమె దవాఖాన మంచం మీద తలుపు దిక్కే చూసిందట. ఆమె నాతో ఎన్నడూ అనలేదు, అక్క చెప్పింది. ఈసారి ఆ తలుపులోంచి నేను లోపలికి రావాలి బావా. నాకు కావలసింది అదొక్కటే.

డ్రైవర్ ఫోను మా క్యాంపు ముందర ఇప్పచెట్టు కింద పలుకుతుంది. అసొంటిది నాకొకటి కొను. పైసలు అక్క చేతికిచ్చాను. గద్వాలలో నీకు ఎరుకైనోళ్లున్నారు కాబట్టి పని నీకు చెప్తున్నా. ఈ ఒక్క పనిలో పరాచికం వద్దు.

బాలన్న

*

మానవపాడు,
8-2-2025

ముప్పయ్యొక్క తోకల దొర బాలన్నకు, బావ ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. మిరప కల్లంలో నా కండ్లద్దాల మీద నేనే కూర్చున్నాను, అందుకని గీత చెల్లెతో చదివించుకున్నాను. అద్దాలున్నా నీ అక్షరాలు చదవడం నా వశం కాదు, చీమలు పెండ్లికి పోయినట్టుంటాయి. ఆమె చక్కగా చదివింది. నడుమ ఒకచోట ఆగి, గుటక మింగి, మళ్లీ అందుకుంది. అక్కడ ఏం రాసినవో నాకు వినిపించలేదు. సెలవు, జీపు, గుండు, ఫోను, ఇవి మాత్రం తెలిసినయ్.

మర్నాడే గద్వాల పోయాను. బస్టాండు వెనక ఇమ్మానుయేల్ దుకాణం ఉంది. రాయిచూరు దిక్కు పిల్లగాడు, అవునంటానికి "హౌదు" అంటాడు, కానీ ఫోను విప్పితే డాక్టరే. నీ కత చెప్పాను.

"కాకా, అందరు కెమెరా ఎంత, అద్దమెంత అని అడుగుతరు. పలుకుతదా అని ఎవ్వరు అడగరు. నువ్వే ఫస్టు" అన్నాడు.

"మా బామ్మర్దిది ఫొటోకు పనికొచ్చే మొఖం కాదులే."

"ఒక్కో టవర్ ఒక్కో బ్యాండుల మాట్లాడ్తది. రేడియోల స్టేషన్ నంబర్ లెక్క. ఆ నంబర్ ఫోనుల ఉంటెనే వినబడ్తది. చెట్లల్ల దూరం పోయే బ్యాండు వేరేది. డ్రైవర్ ఫోనుల ఒక యాప్ వేస్తే అది ఏ నంబరో కనబడ్తది. గా నంబర్ తెప్పియ్యి."

తర్వాత అలమారలోంచి ఒకటి తీశాడు. మస్కట్ నుంచి వచ్చినాయన తెచ్చి, సీలు కూడా తీయకుండా అమ్మకానికి పెట్టాడట. ఇటుకంత ఉంది. నీళ్లలో పడ్డా చావదు, ఒక్కసారి చార్జింగు పెడితే నాలుగు దినాలు నడుస్తుంది. "అన్‌లాక్డు, ఇంటర్నేషనల్" అన్నాడు.

"జర తెలుగుల చెప్పు" అన్నాను.

"కొన్ని ఫోన్లు అమ్మిన కంపెనీ సిమ్ముకే కట్టేసి ఉంటయ్. దీన్ని కట్టెయ్యలె. ఏ దేశంల ఏ సిమ్ము వేసినా పలుకుతది."

"అంటే గుంజ లేని ఎద్దు."

"హౌదు. ఎద్దు మంచిదే కాకా, మన దొడ్డికి సరిపోతదా చూస్కోవాలె. బయటి దేశానికి చేసిన ఫోనుల మన దిక్కు బ్యాండు ఒకటి అర తక్కువుంటది. కరాబైతే ఇక్కడ గ్యారంటీ గూడ నడవది. తెలిసి కొనాలె."

ఆ పిల్లగాడు అమ్మేవాడై ఉండీ ఇన్ని అడ్డాలు చెప్పాడు గనక నమ్మాను. ఇటుకను పక్కన పెట్టించాను. నంబర్ రాయి.

నీ పెండ్లాం నిన్న చింతకాయ తొక్కు అడిగింది. మీ అక్క రెండు ఊర్లు తిరిగి తెచ్చింది. నేను పదేండ్ల నుంచి అడుగుతున్నాను.

ఇట్లు,
సాయన్న

*

బేస్ క్యాంపు,
13-2-2025

బావకు,

డ్రైవర్ ఫోనులో చూశాం. ఎనిమిదో బ్యాండు. ఇక్కడ సోలార్ పలక మీద ఒక దీపం, ఒక ఫోను, అంతే నడుస్తాయి కాబట్టి నాలుగు దినాల చార్జింగు మంచిదే. ఆ ఫోనులో ఎనిమిది ఉంటే కొను, లేకుంటే వద్దు. సిమ్ము నేను ఇక్కడ వేసుకుంటా.

గీతను ఎండలో కల్లం దిక్కు పోనియ్యకు.

బాలన్న

*

మానవపాడు,
19-2-2025

బామ్మర్దికి,

ఎనిమిది ఉంది. ఇమ్మానుయేల్ ఆ ఫోను బ్యాండ్ల జాబితా తీసి వేలు పెట్టి చూపించాడు. ఏడు ఉంది, ఎనిమిది ఉంది, ఇరవై ఉంది. మా ఏడో తరగతి మార్కుల కంటే ఎక్కువే ఉన్నాయి.

బస్సు పార్సిల్లో అచ్చంపేట దాకా వేస్తున్నా. అక్కడి నుంచి మీ జీపాయన తీసుకుంటాడు. చార్జరుకు మూడు బండ ముండ్లు ఉన్నాయి, మన గోడలో పట్టవు. వాటికి తొడగడానికి ఇంకో ముక్క పెట్టాను, పారేసుకోకు. ఫోను డబ్బా రాదు. "గట్టి అట్ట, మూత బిర్రుగున్నది" అని మీ అక్క అందులో మిరప గింజలు పోసి, పైన అంటించి ఉన్న ఇంగ్లీషు, అరబ్బీ రాతల మీద "వచ్చే యేటి విత్తనం" అని చీటీ అతికించింది.

పరాచికం ఏమీ చేయలేదు. ఒక్క చిన్నది తప్ప. అది పొద్దున ఐదింటికి నీకే తెలుస్తది.

గీత చెల్లె నడుస్తుంటే ఇప్పుడు ముందు కడుపు వస్తుంది, వెనక ఆమె వస్తుంది.

ఇట్లు,
సాయన్న

*

బేస్ క్యాంపు,
27-2-2025

సాయన్న బావకు,

నీ ఫోను నీకే తిరిగి పంపుతున్నా.

సిమ్ము వేస్తే పట్టలేదు. ఇంగ్లీషులో ఏదో రాత వచ్చి, ఈ సిమ్ము పనికిరాదని తాళం బొమ్మ పడింది. డ్రైవర్ సిమ్ము వేసినా అదే. గుంజ లేని ఎద్దన్నవ్. ఇది గుంజకు కట్టేసిన రాయి.

కానీ నీ గొంతు మాత్రం పలికింది. పొద్దుగాల ఐదింటికి రేంజర్ సారు నా చెవిలో "బాలన్నా, తోకలు కొలిచినవా" అని అరిచాడు. నేను లేచి వాసానికి తల కొట్టుకొని, లుంగీ మీద సెల్యూట్ చేసిన. క్యాంపులో ఇద్దరు పడి పడి నవ్వారు. బియ్యం బస్తా మీదికొచ్చిన కోతులు ఆ గొంతు విని చెట్లెక్కినయ్. నీ పనికి ఈ అడవిలో లాభం పొందింది బియ్యం బస్తా ఒక్కటే.

పరాచికం వద్దని రాసిన. నా పెండ్లాం కాన్పు మీద గూడ నీకు నవ్వులాటేనా?

ఇంక నీ మాట మీద నేను కదల. కాన్పు వచ్చిందని నువ్వు రాసినా, ఫోను చేసినా, ఏడ్చినా కదల. నువ్వు నేర్పితే "నొప్పులొస్తున్నయ్" అని గీత గూడ నవ్వుకుంట అంటదేమో, అది గూడ నమ్మ. ఆమె నోట నా పేరు వినబడ్డనాడే కదుల్త. ఎందుకంటే నా పేరు ఆమె పరాచికానికి పలకదు, నువ్వు పలికించలేవు.

బాలన్న

*

మానవపాడు,
6-3-2025

బామ్మర్దికి,

ఫోను, ఉత్తరం రెండూ అందినయ్. గీత చెల్లె చదివింది. తిట్టు ఒక్కటీ వదలలేదు, గొంతు ఎక్కడా తగ్గించలేదు. చివర్లో ఒక్కచోట ఆగింది. "ఏమైంది చెల్లె" అన్నాను. "ఏం లేదన్నా, సంతకం" అన్నది. చదివి, మడిచి, లోపలికి పోయింది. ఆ పూట అన్నం సరిగ్గా తినలేదు. మీ అక్క నా కంచం గూడ తీసేసింది.

ఇప్పుడు నేను రాసేది నవ్వకుండా రాస్తున్నా. నీ ఫోను పంపిన నాడు ఇమ్మానుయేల్ "సిమ్ము వేసి చూసి పంపు కాకా" అన్నాడు. ఆ గొంతు రికార్డు చేయడానికి నాకు అరగంట పట్టింది. మూడుసార్లు దగ్గు అడ్డమొచ్చింది. సిమ్ము వేసి చూడటానికి రెండు నిమిషాలు లేకపోయినయ్, బస్సు కదిలింది. ఫోను పలకనిది నా పరాచికం కాదు, కానీ నా తప్పే.

ఫోను పట్టుకొని ఇమ్మానుయేల్ దగ్గరికి పోయాను. తాళం బొమ్మ చూసి "డబ్బ ఏది కాకా" అన్నాడు. ఇంటికొచ్చి, గింజలు చేటలో పోసి, చీటీ తడిపి ఊడదీసి, డబ్బా పట్టుకొని మళ్లీ గద్వాల. మీ అక్క చీటీ కింద ఉన్న రాత ఇది: ఈ ఫోనులో ముందుగా ఆ గల్ఫు దేశాల సిమ్ము వేసి ఐదు నిమిషాలు మాట్లాడాలి. ఆ తర్వాత ఏ సిమ్ము అయినా పలుకుతుంది.

"కట్టెయ్యలేదన్నది నిజమే కాకా. కానీ ఎద్దు పుట్టినూరు గడ్డి ఒక్క మేత మేస్తెనే ఊరు దాటుతది. నాకూ యాదికి రాలె, తప్పైంది" అన్నాడు ఇమ్మానుయేల్.

మన ఊరి నర్సింహులు మస్కట్ నుంచి సెలవు మీద వచ్చి ఉన్నాడు. ఆయన అక్కడి సిమ్ము ఇంకా బతికే ఉంది. ఆయన్ను బతిమాలి దుకాణానికి తీసుకపోయాను. సిమ్ము వేశాం. పట్టింది. ఇంక ఐదు నిమిషాలు మాట్లాడాలి. ముక్కలు ముక్కలుగా కాదు, ఒక్క దమ్ములో అన్నాడు ఇమ్మానుయేల్.

మా తోడల్లునికి చేశాను. బయటి దేశం నంబరని ఉరికొచ్చి ఎత్తాడు. నా గొంతు విని "ఇప్పుడు మస్కట్ కెళ్లి గూడ మొదలువెట్టినవా" అని పెట్టేశాడు. పద్దెనిమిది సెకన్లు. ఎరువుల దుకాణపాయనకు చేశాను. "సాయన్నా, పోయినసారి నువ్వు చెప్పిన ఎరువుల లారీ ఇంకా రాలె" అని పెట్టేశాడు. నలభై సెకన్లు. ఇంకో నలుగురికి చేశాను. ఒక్కరూ నిమిషం దాటలేదు. యాభై రెండేండ్ల బతుకులో నా మాట ఐదు నిమిషాలు వినే మనిషి లేడని ఆ దుకాణంలో స్టూలు మీద కూర్చొని తెలుసుకున్నాను. నర్సింహులు నవ్వాడు. నాకు నవ్వు రాలేదు.

చివరికి మీ అక్కకు చేశాను.

"ఎవరు?"

"నేనే."

"నువ్వా? మస్కట్ నంబరేంది? గద్వాల పోయినోనివి మస్కట్ ఎప్పుడు పోయినవ్? నా తమ్ముని ఫోను యాడవెట్టినవ్?"

అక్కడ మొదలైంది బామ్మర్ది. మా పెండ్లిలో నేను మా మామ చెప్పులు దాచింది మొదలుపెట్టి, యేడు యేడు వరసగా వచ్చింది. నేను చెవి నుంచి ఫోను తీసి బల్ల మీద పెట్టాను. ముగ్గురం కూర్చొని విన్నాం. నాలుగు నిమిషాల దగ్గర ఆమె దమ్ము తీసుకోవడానికి ఆగింది. పెట్టేసేటట్టుంది. ఫోనందుకొని "అసలు మీ తమ్మునికే సిమ్ము వేసుడు రాదే" అన్నాను. అంతే. పదకొండు నిమిషాలు. నర్సింహులు తన సిమ్ము తీసుకొని "మస్కట్ల మా ఫోర్‌మన్ గూడ గింత తిట్టలె సాయన్న" అని మొక్కి పోయాడు.

ఇక్కడి సిమ్ము వేశాం. పలికింది. నా సిమ్ము, ఇమ్మానుయేల్ సిమ్ము, చాయ తెచ్చినాయన సిమ్ము, మూడూ పలికినయ్. తాళం తీసింది మీ అక్క నోరు.

అలారం తీసేశాను. కోతుల సంగతి రాసినవ్ గనక ఆ గొంతు ఒక బటన్ కింద దాచాను, నువ్వు నొక్కితేనే అరుస్తది. ఇంకొకటి పెట్టించాను. వచ్చిన ప్రతి మాటను ఈ ఫోను దానంతటదే దాచుకుంటది. నేను ఏం మాట్లాడినా నీ దగ్గర సాక్ష్యం ఉంటది. నా మెడకు నేనే తాడు పేనుకున్నట్టు, కానీ నువ్వు నమ్మాలంటే నాకు ఇంకో తోవ దొరకలేదు.

ఇట్లు,
సాయన్న

*

బేస్ క్యాంపు,
13-3-2025

బావకు,

ఫోను పలికింది. ఇప్పచెట్టు కింద రెండు గీతలు, చెట్టుకు ఆనుకొని నిలబడితే మూడు. అక్కతో మాట్లాడిన, గీతతో మాట్లాడిన. "ఇగో, వినబడుతుందా" అని పదిసార్లు అడిగింది. క్యాంపు ముందర నిలబడి ఆమె గొంతు వినుడు ఇదే మొదలు.

నీ మీద కోపం సగం పోయింది. మిగిలిన సగం కాన్పు దాకా ఉంటది. నీ నంబర్ మీద బంద్ తీసిన. కానీ పేరు సంగతి అట్లనే ఉంది, అందులో మార్పు లేదు. దాని గురించి నువ్వు ఒక్క ముక్క రాయలేదు కాబట్టి ఒప్పుకున్నట్టే అనుకుంటున్నా.

బాలన్న

*

మానవపాడు,
19-3-2025

బామ్మర్దికి,

పేరు సంగతి ఏంది? ఏ పేరు? గీత చెల్లెను అడిగితే "పుట్టే పిల్ల పేరేమో అన్నా" అని చీపురందుకుంది. ఇంకా పుట్టని పిల్లకు పేరు తొందరేంది? అయినా అడిగినవ్ గనక, ఆడపిల్లయితే కొండెంగమ్మ అన్నాను. మీ అక్క చేతిలో అట్లకాడ ఉంది. ఇంక ఆ మాట అనను.

సంచి సర్దాం. ఆటో సాయబుకు ముందే చెప్పి పెట్టాం. నొప్పులు మొదలైతే ముందు నీకే ఫోను చేస్తాను. ఒక్క మాట. ఆ నాడు నేను చేస్తే నమ్ము. నిజం చెప్పేటప్పుడు నా గొంతు ఎట్లుంటదో నాకే తెల్వదు, నీకు గుర్తుపట్టుడు కష్టమే. కానీ నమ్ము.

ఇట్లు,
సాయన్న

*

మానవపాడు,
10-4-2025

బామ్మర్ది బాలన్నకు, అనగా నా మేనకోడలి తండ్రికి, బావ దీవెన. ఈసారి మొక్కు, పరవాలేదు.

నువ్వు బస్సెక్కి పోయినంక నీ బిడ్డ రెండు దినాలు పాలు తాగి పడుకోవడం తప్ప ఏమీ చేయలేదు. మూడో దినం నా మీసం పట్టుకుంది. మీ అక్క చాలా సంతోషపడింది, ఇంకా గట్టిగా పట్టుకొమ్మని నేర్పుతుంది.

నువ్వున్న పది దినాలు అడుగుదామంటే మందిలో వీలు కాలేదు. ఆ గురువారం పొద్దున మీ అక్క ఆటో కోసం ఉరికింది. గీత అరుగు మీద గోడ పట్టుకొని నిలబడింది. నేను నీకు ఫోను చేశాను. "నొప్పులొచ్చినయ్ బామ్మర్ది, బయల్దేరు" అన్నాను. కట్ చేసినవ్. మళ్లీ చేశాను. "మా అమ్మ మీద ఒట్టు" అన్నాను. కట్ చేసినవ్. మూడోసారి నంబర్ నొక్కాను. నువ్వు రాకపోతే అది నా వల్లనే గదా. ఇన్నేండ్లు నవ్వించిన నోరు, అక్కరకొచ్చిన నాడు రెండు నిజాలు చెప్తే ఒక్కటి గూడ అమ్ముడుపోలేదు.

అప్పుడు గీత నా చేతిలోంచి ఫోను తీసుకుంది. నాలుగడుగులు పక్కకు పోయి, నా దిక్కు వీపు పెట్టి, ఏదో అన్నది. గుటక మింగినంత సేపు. మళ్లీ వచ్చి నా చేతిలో ఫోను పెట్టి "వస్తుండన్నా" అన్నది.

నువ్వు మన్ననూర్ నుంచి అచ్చంపేట, నాగర్‌కర్నూలు, వనపర్తి, నాలుగు బండ్లు మారి, పొద్దు వాలకముందే గద్వాల దవాఖాన తలుపులో నిలబడ్డవ్. బిడ్డ ఇంకా పుట్టలేదు. నిన్ను చూసి ఆమె నవ్వినట్టు నేను ఇంతవరకు ఎవ్వరినీ నవ్వించలేదు.

నా రెండు మాటలకు కదలనోనివి ఆ మూడో మాటకు ఎట్ల కదిలినవ్? ఏమన్నది? నాకు నిద్ర పట్టడం లేదు.

ఇట్లు,
సాయన్న

*

బేస్ క్యాంపు,
17-4-2025

బావకు,

క్షేమం. ఫోను బాగా నడుస్తుంది. మూడు ముండ్ల చార్జరు ముక్క కోతి ఎత్తుకపోయింది. నీ గొంతు బటన్ నొక్కితే చెట్టు మీది నుంచి పడేసి పోయింది. ఆ బటన్ ఉంచుకుంటున్నా. రేంజర్ సారు క్యాంపుకు వచ్చినప్పుడు ఆయనకు వినిపించిన. నవ్వి, తన గొంతు కన్నా నీదే బాగున్నదన్నాడు.

నువ్వడిగిన దానికి జవాబు రెండో కాగితం మీద ఉంది. అది నీకు రాసింది కాదు, గీతకు రాసింది. నీకు చదివి వినిపించాలో వద్దో ఆమె ఇష్టం.

ఆ పొద్దున నీ గొంతు వణికింది బావా. ఎంత బాగా వణికిస్తున్నడో అనుకొని కట్ చేసిన. అది యాదికొస్తే ఇప్పుడు సిగ్గవుతుంది. ఇది నువ్వే చదువు, లేదా చదివించుకో.

బాలన్న

(రెండో కాగితం)

గీతా,

నా ఉత్తరాలన్నీ అన్నకు చదివింది నువ్వే. ఆ పొద్దున నువ్వు ఏమన్నవని అన్న నన్ను అడుగుతూ రాసిండు. అప్పుడు తెలిసింది. నీ నోట నా పేరు వినబడితేనే కదులుతానని నేను రాసిన మాట నువ్వు మింగేసినవ్. అన్నకు తెలిస్తే నీతో పలికించాలని చూసేటోడు. అట్ల పలికిస్తే అది ఇంకో పరాచికమయ్యేది. అందుకే గదా.

మూడు వారాలు ఆ మాట కడుపులో పెట్టుకొని, నాతో ఫోనులో "ఇగో" అనుకుంటనే మాట్లాడినవ్. ఆ గురువారం "బాలన్నా, బయల్దేరు" అన్నవ్. పెండ్లయి ఎనిమిదేండ్లకు నా పేరు నీ గొంతుల ఎట్లుంటదో తెలిసింది. నేను చెప్పులు గూడ వేసుకోలేదు. జీపు బస్తాలు సగమే దించింది, సగం తోటి తిప్పి ఉరికిచ్చిన.

ఆ మాట ఫోను దాచుకుంది. పొద్దుగాల ఐదింటికి ఇప్పుడు అదే పలుకుతుంది. తల వాసానికి తగులుతలేదు.

ఇంటికొచ్చినంక నువ్వు "ఇగో" అనే పిలువు. పేరు ఫోనుల ఉంది, చాలు.

*

మానవపాడు,
25-4-2025

బామ్మర్దికి,

నీ ఉత్తరం గీత చెల్లె చదివింది. కోతి, చార్జరు, రేంజర్ సారు దాకా చదివింది. నా గొంతు వణికిన సంగతి రెండుసార్లు చదివించుకున్నాను. తర్వాత రెండో కాగితం విప్పి, నిలబడి, తనలో తనే చదువుకుంది. చదివినంతసేపూ మీ బిడ్డ ఆమె కొంగు చప్పరించింది. అయినంక నాలుగు మడతలు పెట్టింది. "అన్నా, ఇది ఫోను సంగతి, నీకు తెలిసిందే" అన్నది. నేను పుట్టించిన అబద్ధాలలో గూడ ఇంత మంచిది లేదు.

ఆ కాగితం తీసుకపోయి మిరప గింజల డబ్బాలో, గింజల మీద పెట్టి మూత వేసింది. డబ్బా అటకమీద, నా చేతికి అందే ఎత్తులోనే ఉంది.

నిన్న గద్వాలలో కొత్త అద్దాలు తెచ్చుకున్నాను. ఇప్పుడు నీ చీమలు గూడ కనబడతాయి. పొద్దున మీ అక్క కల్లం దిక్కు పోయింది, గీత పెరట్లో బిడ్డకు స్నానం చేయిస్తుంది. ఇంట్లో నేనొక్కణ్ణే. డబ్బా దించి, మూత మీద చెయ్యి పెట్టాను. "వచ్చే యేటి విత్తనం" అని మీ అక్క కొత్త చీటీ అతికించింది. దాన్ని చదివాను. మళ్లీ ఎక్కడిదక్కడ పెట్టేశాను.

ఈ డబ్బాకు తాళం లేదు బామ్మర్ది. అయినా తీయలేదు. నువ్వు నమ్మవని ఎరుక, అందుకే కింద సంతకం పెడుతున్నా.

సాయన్న